పేరు సరే, ఇంటిపేరో?

మా ఊళ్ళో వీధిలో నిలబడి "రామయ్యా!" అని ఒక్క కేక పెట్టండి. కనీసం పదిమంది వెనక్కి తిరిగి చూస్తారు. ఒంటిమిట్ట కదా మరి, కోదండరాముడి ఊరు! రామయ్యలు, రామిరెడ్లు, రామసుబ్బమ్మలు, కోదండరాములు, సీతారామమ్మలు, ఇంటికొకరు చొప్పున ఉన్నారు. కొత్తగా వచ్చిన పోస్టుమ్యాన్‌కి ఒక నెల్లాళ్ళు తల తిరుగుతుంది. ఆ తరువాత అతనూ తెలివి మీరి, "టీ అంగడి రామయ్యా, చెరువుకట్ట రామయ్యా, రెండెడ్ల రామయ్యా?" అని మనల్నే ఎదురు ప్రశ్న వేస్తాడు.

కాబట్టి పేరు చూసి మనిషిని పోల్చుకోకూడదన్న జ్ఞానం మా ఊరివాళ్ళకి ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. ఇంటిపేరు అడగాలి. పుట్టిల్లు ఏదో, మెట్టినిల్లు ఏదో అడగాలి. పెళ్ళిసంబంధాలకీ, చీటీపాటలకీ అక్కరకొచ్చే ఈ విద్య, కంప్యూటర్ లోపల దూర్చే అరచేతి పొడవు పలకని గుర్తుపట్టడానికి కూడా పనికొస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, నేను నవ్వి ఊరుకుని ఉందును.

మా అమ్మాయి కడపలో ఇళ్ళూ మేడలూ గీసే చదువు చదువుతోంది. ఆర్కిటెక్చర్ అంటారు. పొద్దున బస్సుకి పోయి సాయంత్రం బస్సుకి వస్తుంది. ఆఖరి సంవత్సరం పెద్ద బొమ్మ ఒకటి గీసి చూపించాలిట. అందరూ షాపింగ్ మాల్ అనీ, ఆసుపత్రి అనీ రాసిచ్చారు. ఇది మాత్రం మన గుడి మండపం గీస్తానంది. గీయడమంటే కాగితం మీద కాదు. కంప్యూటర్లో స్తంభం స్తంభం నిలబెట్టి, దానిమీద వెన్నెల పడితే నీడ ఎటు సాగుతుందో లెక్కగట్టి చూపించాలిట. మా ఊళ్ళో సీతారామ కల్యాణం పగలు కాదు, రాత్రిపూట పున్నమి వెన్నెల్లో జరుగుతుంది. చంద్రుడికి రాముడిచ్చిన మాట అది అని పెద్దలు చెబుతారు. 2015లో నవమి ఉత్సవాలు ప్రభుత్వ లాంఛనాలతో ఇక్కడ మొదలైనప్పటి నుంచీ జనం పోటెత్తుతున్నారు గానీ, వెన్నెల పడిన మండపాన్ని నిదానంగా చూసేవాళ్ళు ఎంతమంది? అది చూపిస్తానంది మా పిల్ల.

సంకల్పం బాగానే ఉంది. కంప్యూటరే బాగాలేదు. బెంగుళూరులో ఉన్న మా తమ్ముడు, ఆఫీసులో తీసేస్తుంటే కొని పంపిన పాత పెట్టె అది. ఉత్తరాలు టైపు చేసుకోమంటే చేస్తుంది. మండపాన్ని కాస్త ఇటు తిప్పమంటే మాత్రం, ఎండలో ఎద్దులాగా అట్లనే నిలబడిపోతుంది. బొమ్మల పని చూసుకునే గ్రాఫిక్స్ కార్డు వేరే కావాలంది పిల్ల. కొత్తరకంవి పెద్దవి, వాటి తిండికి ఈ పెట్టె ఇచ్చే కరెంటు చాలదు. అందులో పట్టేదీ, ఇది పోషించగలిగేదీ పాతకాలపు చిన్న కార్డే.

"ఇదంతా ఎందుకు, నా గాజులు బ్యాంకులో పెట్టి కొత్త లాప్‌టాప్ కొందాం" అన్నాను మావారితో. ఆయన పేపరు దించకుండా, "గాజులు పోయినసారి పెట్టినప్పుడు తిరిగి రావడానికి మూడేళ్ళు పట్టింది, గుర్తుందా?" అన్నారు. పిల్ల ఆ మాట విన్నది. మర్నాడు పొద్దున జడ వేసుకుంటూ, "గుడి వద్దులేమ్మా, ఏదో చిన్న బస్టాండు గీసిస్తా, దానికి ఈ పెట్టె చాలు" అంది. ఎంత మామూలుగా అందో! పదో తరగతి తరువాత నేనూ ఇట్లనే మామూలుగా "చదువు వద్దులే నాయనా" అన్నాను. ముగ్గుల పోటీల్లో గెల్చుకున్న స్టీలు డబ్బాలు ఇప్పటికీ పప్పులు పోసుకోవడానికి పనికొస్తున్నాయి. ఆ మాట వెనక ఏముంటుందో నాకు తెలుసు. అందుకని బస్టాండు సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ కార్డు సంగతేమిటో చెప్పమన్నాను.

కార్డు పేరు జీటీ 730. కడపలో మూడు అంగళ్ళలో ఫోను చేసి అడిగింది. ఒకాయన పద్దెనిమిది వందలన్నాడు. ఒకాయన ఇరవై ఆరు వందలన్నాడు. మూడో ఆయన మూడువేల రెండొందలన్నాడు. అన్నీ ఒకరు వాడి ఇచ్చినవే. పేరు ఒకటే, ధరలు మూడు! నాకు వెంటనే మా ఊరి రామయ్యలు గుర్తొచ్చారు. "ఇందులో ఏదో ఇంటిపేరు తేడా ఉందే" అన్నాను.

ఉంది. రోజూ రాత్రి నేను చింతపండు గింజ తీస్తుంటే పిల్ల పక్కన కూర్చుని చదివి చెప్పింది. అర్థమైనంతవరకు మీకూ చెబుతాను. రేపు మీ ఇంట్లో పిల్లలు అడగరని ఏముంది?

ఈ కార్డుకి ప్రాణం మధ్యలో ఉండే చిప్పు. దాన్ని తయారుచేసేది ఎన్‌విడియా అనే అమెరికా కంపెనీ. మా అత్తగారికి ఇదే చెబుతుంటే, "చిప్పా? మన ఊరికి చిప్ప కొత్తా ఏందే?" అన్నారు. నిజమే! వావిలికొలను సుబ్బారావుగారు, అదే, ఆంధ్ర వాల్మీకి అంటామే, ఆయన శిథిలమైపోతున్న మా గుడిని చూడలేక టెంకాయచిప్ప చేతబట్టి ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. గుడి నిలబడింది. ఒక చిప్ప గుడిని నిలబెట్టింది, ఇంకో చిప్పు ఆ గుడిని కంప్యూటర్లో నిలబెట్టాలి. మా అత్తగారు ఊరికే అనరు ఏ మాటా.

సరే, ఎన్‌విడియావాళ్ళు 2014లో ఈ జీటీ 730ని విడుదల చేసినప్పుడే మూడు రకాలుగా చేశారు. దాచిందేమీ లేదు, వాళ్ళ వివరాల పట్టికలోనే మూడూ వేరువేరుగా చూపించారు. చిక్కల్లా పెట్టె మీది పేరు మూడింటికీ ఒకటే కావడం. ఒకదానిలో ఉన్నది ఫెర్మీ అనే పాతతరం చిప్పు. తక్కిన రెండింటిలో దాని తరువాతి తరం, కెప్లర్ చిప్పు. ఆ రెండింటికీ మళ్ళీ జ్ఞాపకశక్తిలో తేడా.

మా ఊరి కల్యాణం రోజు అన్నదానం తలుచుకోండి, తేలిగ్గా బోధపడుతుంది. వంటవాళ్ళుంటారు. వంటశాలకీ పంక్తికీ మధ్య తలుపు ఉంటుంది. ఆ తలుపులోంచి గిన్నెలు మోసే వడ్డనవాళ్ళుంటారు. చిప్పులో కోర్లు అనేవి వంటవాళ్ళు. బిట్లు అనేవి తలుపు వెడల్పు. మెమొరీ రకం అనేది వడ్డనవాళ్ళ నడక.

ఫెర్మీ రకంలో వంటవాళ్ళు 96 మంది, తలుపు 128 బిట్ల వెడల్పు, వడ్డనవాళ్ళది డీడీఆర్3 అనే మామూలు నడక. కెప్లర్ రెండింటిలోనూ వంటవాళ్ళు 384 మంది, తలుపు మాత్రం సగమే, 64 బిట్లు. అందులో ఒకదానికి అదే మామూలు నడక. వండింది వండినట్టు తలుపు దగ్గర ఆగిపోతుంది, సెకనుకి 14 జీబీ పైచిలుకే దాటుతుంది. రెండోదానికి జీడీడీఆర్5 అనే పరుగు నేర్చిన వడ్డనవాళ్ళు. తలుపు ఇరుకైనా సెకనుకి 40 జీబీ దాటించేస్తారు. 96 ఎక్కడ, 384 ఎక్కడ, నాలుగింతల తేడా అనుకోకండి. పాతతరం వంటవాళ్ళు ఒక్కొక్కరు చెయ్యి తిరిగినవాళ్ళు, వాళ్ళ వేగం ఎక్కువ. అయినా కరెంటు కూడా ఎక్కువే తింటారు. కంపెనీ లెక్కలో ఫెర్మీ రకానికి 49 వాట్లయితే, మామూలు నడక కెప్లర్‌కి 23 చాలు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. చిప్పుకి డ్రైవర్ అనే ప్రోగ్రాము కావాలి. కంపెనీవాళ్ళు దాన్ని ఎప్పటికప్పుడు బాగుచేసి పంపుతుంటారు, మన ముసలాళ్ళకి మాత్రలు మార్చినట్టు. ఫెర్మీ తరానికి కొత్త మందులు 2018లో ఆపేశారు. కెప్లర్‌కి 2021లో ఆపారు, ఆపైన 2024 దాకా భద్రతకు సంబంధించిన మరమ్మతులు మాత్రం ఇచ్చారు. రెండూ రిటైరైనవే, కానీ ఒకాయన ముందు రిటైరయ్యాడు. మా పిల్ల బొమ్మలు గీసే బ్లెండర్ అనే ప్రోగ్రాము, 2019లో వచ్చిన 2.80 నుంచీ ఫెర్మీ చిప్పులకు ఆ వెలుగునీడల లెక్క అప్పగించడం మానేసింది. మా పిల్ల వాడుతున్నది ఆ తరువాతిదే, కెప్లర్‌కి పని అప్పగిస్తుంది. అంటే పద్దెనిమిది వందల రామయ్య మా ఇంటికొస్తే, మండపం తిరుగుతుందేమో గానీ వెన్నెల మాత్రం రాదు!

ఈ కంపెనీకే ఇదొక్కసారి జరిగిన తమాషా కాదు. జీటీ 1030 అని 2017లో తెచ్చారు, జీడీడీఆర్5తో. 2018లో అదే పేరుతో డీడీఆర్4 పెట్టి ఇంకొకటి వచ్చింది. మొదటిది సెకనుకి 48 జీబీ దాటిస్తే, రెండోది 17 కూడా దాటించలేదు. 2016 నాటి జీటీఎక్స్ 1060లో 3 జీబీదీ, 6 జీబీదీ అని రెండున్నాయి. మెమొరీ ఒక్కటే తేడా అనుకుంటాం, కానీ ఒకదానిలో కోర్లు 1152, ఇంకోదానిలో 1280. మా గుళ్ళో ఒకే శిలలో ముగ్గురు మూర్తులున్నారు, అందుకే ఏకశిలానగరమన్నారు. ఇక్కడ ఒకే పేరులో మూడు శిలలు.

మరి గుర్తుపట్టడం ఎట్లా? మూడు పరీక్షలు నేర్చుకున్నాను.

మొదటిది కంటితో. చిప్పు చుట్టూ చిన్న చిన్న నల్లటి ఇటుకలుంటాయి, అవే మెమొరీ. తలుపు వెడల్పు వాటి లెక్కలో తెలుస్తుంది. డీడీఆర్3 ఇటుక ఒక్కొక్కటీ 16 బిట్లు మోస్తుంది కాబట్టి, 128 బిట్ల కార్డుకి ఎనిమిది కావాలి. ముందు నాలుగు, వెనక నాలుగు పెడతారు చాలాసార్లు. జీడీడీఆర్5 ఇటుక 32 మోస్తుంది, 64కి రెండే చాలు. అయితే మెమొరీ ఎక్కువ కావలసినప్పుడు ఇటుకలు రెట్టింపు పెట్టడమూ ఉంది. కాబట్టి లెక్క చూసి అనుమానించాలే గానీ తీర్పు చెప్పకూడదు.

రెండోది అక్షరాలతో. ఇటుకల మీద సన్నటి అక్షరాలుంటాయి, సూదిలో దారం ఎక్కించే కళ్ళద్దాలు కావాలి. శాంసంగ్ ఇటుకైతే, కే4డబ్ల్యూ అని మొదలైతే డీడీఆర్3, కే4జీ అని మొదలైతే జీడీడీఆర్5. హైనిక్స్ వాళ్ళదైతే హెచ్5టీక్యూ అంటే డీడీఆర్3, హెచ్5జీక్యూ అంటే జీడీడీఆర్5. చీర కొంగు తిప్పి మగ్గం ముద్ర చూసుకోమా, అట్లా.

మూడోదే అసలైనది, ఇంటిపేరు అడగడం. కార్డుని కంప్యూటర్లో పెట్టి, డివైస్ మేనేజర్ తెరిచి, హార్డ్‌వేర్ ఐడీలు చూడాలి. వెన్ అనే మాట పక్కన 10డీఈ అని ఉంటే పుట్టిల్లు ఎన్‌విడియా. డెవ్ పక్కన ఉండేది సొంత నంబరు. ఫెర్మీ పిల్లకి 0ఎఫ్02, కెప్లర్ పిల్లకి 1287. ఆ పైన సబ్‌సిస్ అని ఇంకో నంబరుంటుంది, అది మెట్టినింటిది. ఎందుకంటే చిప్పు పుట్టేది ఎన్‌విడియా ఇంట్లో అయినా, ఆసుస్, ఎంఎస్ఐ, గిగాబైట్, జోటాక్ లాంటి ఇళ్ళకు వెళ్ళి అక్కడ కార్డవుతుంది. మనమే నయం, పెళ్ళయ్యాక పుట్టింటి పేరు ఎవరూ అడగరు. ఈ చిప్పు రెండూ మెళ్ళో వేసుకుని తిరుగుతుంది!

కెప్లర్‌లో రెండు రకాలకీ ఆ 1287 ఒకటే కనిపిస్తుంది. అప్పుడు జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము తెరిస్తే, చిప్పు పేరు, కోర్లెన్ని, మెమొరీ ఏ రకం, తలుపు ఎన్ని బిట్లు, అన్నీ ఒక్క చోట చూపిస్తుంది. పాత చిప్పుకి కొత్త పేరు అంటించి అమ్మే మోసగాళ్ళు ఎక్కువైపోయారని, 2018 నుంచీ అలాంటి దొంగ కార్డుల పేరు ముందు ఫేక్ అని రాసి చూపించే ఏర్పాటు కూడా చేశారు అందులో.

ఆదివారం పొద్దున తల్లీ కూతురూ కడప బస్సెక్కాం. మొదటి అంగడతను మంచివాడే, మర్యాదగా కుర్చీ వేశాడు. పెట్టె మీద 384 కోర్లు, జీడీడీఆర్5 అని కాగితం అంటించి ఉంది. కార్డు బయటికి తీయించి వెనక్కి తిప్పాను. నాలుగు ఇటుకలు. ముందుకి తిప్పాను. అంచుల్లోంచి ఇంకో నాలుగు.

"దీన్ని ఒకసారి కంప్యూటర్లో పెట్టి చూపించు నాయనా" అన్నాను.

"ఎందుకమ్మా, జీటీ 730 అని రాసుండాది గదా. అన్నీ ఒకటేమ్మా."

"ఒకటే అయితే మీ కడపలో మూడు ధరలు ఎట్ల వచ్చినాయి నాయనా?"

అతను తల గోక్కున్నాడు. పెట్టాడు. మా పిల్ల మౌసు తీసుకుని తెరిచింది. 10డీఈ, సరే. పక్కన 0ఎఫ్02. "పెట్టె మారినట్టుండాదిమ్మా" అన్నాడు. మారి ఉండవచ్చు. అతనికి ఎవరు అంటగట్టారో. పాత సామాను చేతులు మారుతున్నప్పుడు పెట్టె ఒక దారి, సామాను ఒక దారి అవుతాయి. నేను మాట పెంచలేదు. కుర్చీ వేసినందుకు మంచిమాట చెప్పి లేచాను.

రెండో అంగడిలో 1287 వచ్చింది గానీ మెమొరీ డీడీఆర్3 అని తేలింది. ఇరవై ఆరు వందల ఆయనే. ఉన్న సంగతి ఆయనే ముందు చెప్పాడు, చెప్పిన ధరకు సరుకు సరిగ్గానే ఉంది. పిల్ల నా మొహం చూసింది. ఆరువందలు మిగులుతాయి కదా అన్న చూపు. "పద" అన్నాను.

మూడో అంగడిలో కౌంటర్ దగ్గర ఉన్నది ఒక చిన్నమ్మాయి. కంప్యూటర్లో పెట్టమంటే మారుమాట లేకుండా పెట్టింది. జీపీయూ-జెడ్ తెరిచి తెర మా వైపు తిప్పింది. కోర్లు 384. జీడీడీఆర్5. 64 బిట్లు. రెండువందలు తగ్గించమన్నాను. నూటయాభై తగ్గించింది. బిల్లులో ఉత్త పేరు కాకుండా, ఐడీ నంబరూ మెమొరీ రకమూ రాయమన్నాను. రాసి, ముద్ర వేస్తూ అడిగింది, "ఆంటీ, మీరు ఎక్కడ పనిచేస్తారు?"

"ఇంట్లోనేమ్మా. చింతపండు గింజ తీస్తుంటాను" అన్నాను. మా పిల్ల బయటికొచ్చి బస్టాండు దాకా నవ్వుతూనే ఉంది.

మీరు కూడా ఇంట్లోకి ఇలాంటి పాత సామాను కొంటే, బిల్లు మీద ఇంటిపేరు రాయించుకోవడం మరవకండి. రేపు పేచీ వస్తే ఆ ఒక్క వరుసే మన సాక్షి. అంగడిలో కంప్యూటర్లో పెట్టి చూపించమంటే మొహమాటపడకండి. కుండ కొంటే వేలితో కొట్టి చూడమూ?

మా పిల్ల ఆ కార్డుతో నెలరోజులు కుస్తీ పట్టింది. ఎంత మంచిదైనా పాత చిన్న కార్డే కదా, ఒక్క బొమ్మకి వెన్నెల పూయడానికి రాత్రంతా పట్టేది. తెల్లవారుజామున లేచి వాకిట్లో నీళ్ళు చల్లడానికి పోతూ తొంగిచూసేదాన్ని. తెర మీద గడి గడిగా స్తంభాలు తేలేవి, పక్కనే నీడలు పరుచుకునేవి. చిన్నప్పుడు చుక్కలు పెట్టి ముగ్గు కలిపేటప్పుడు, ఆఖరి గీత పడేదాకా పువ్వు ఎవరికీ కనబడదే, అట్లా ఉండేది. నా గాజులు నా చేతికే ఉన్నాయి. బస్టాండు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కాలేజీలో చూపించే ముందురోజు జేజికి చూపిస్తానని పిల్ల మా అత్తగారిని తెర ముందు కూర్చోబెట్టింది. మండపం, స్తంభాలు, వెన్నెల, దూరంగా గర్భగుడిలో చిన్న దీపం వెలుగులో రాముడు, సీతమ్మ, లక్ష్మణుడు. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఆంజనేయుడు లేడేమే?" అన్నారు.

"మన గుడి లోపల లేడు గదా జేజీ."

మా అత్తగారు తృప్తిగా తల ఊపారు. "ఊఁ, అయితే మన రాముడే" అని కళ్ళద్దాలు తీసి పెట్టెలో పెట్టుకున్నారు.